ప్రతి ఐదో పోగు

ఆ కర్టెన్ల మిల్లులో ఆయన్ని అందరూ చుక్కలాయన అంటారు. ఎదుటివాడికి పట్టపగలే చుక్కలు చూపిస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు గానీ, అసలు సంగతి అది కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆయన చేసే పని గళ్ళలో చుక్కలు పెట్టడం. కర్టెన్ మీద ఒక పువ్వు రావాలంటే ఏ పడుగు పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండిపోవాలో మగ్గానికి ఎవరో ఒకరు ముందే చెప్పాలి కదా. ఆ చెప్పేవాడు ఈయన. గడిలో చుక్క ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు, అంతే. ఈ మాట ఇంత తేలిగ్గా వేరే ఎవరైనా అంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండిపోతుంది.

మొదట్లో గళ్ళ కాగితం మీద కుంచెతో పెట్టేవాడు. ఒక్కో డిజైన్‌కి మూడు వారాలు పట్టేది. కాగితం పూర్తవగానే గోడకి తగిలించి, పది అడుగులు వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసుకుని చూసేవాడు. అలా చూసినప్పుడు కాగితం మీద ఎక్కడైనా అడ్డంగా ఒక చారలా కనిపిస్తే, రేపు బట్టలోనూ ఆ చార వచ్చి తీరుతుంది. వెంటనే వెళ్ళి ఆ వరుసలో చుక్కలు పలచన చేసేవాడు. ఈ పది అడుగుల చూపు ఆయనకి నేర్పిన గురువుగారు ఒకసారి అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. కింద పడ్డాక కూడా ఆయన కళ్ళు సగమే మూసి ఉన్నాయని చుక్కలాయన ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. కుంచె పోయి మౌస్ వచ్చింది గానీ, పది అడుగుల చూపు మాత్రం పోలేదు. డిజైన్‌ని తెర మీద పెట్టి, కుర్చీ వెనక్కి తన్ని, గోడకి వీపు ఆనేదాకా వెళ్ళి చూసేవాడు. పక్క మిల్లుల్లో కుర్రాళ్ళందరూ బొమ్మని పదింతలు పెద్దది చేసుకుని ఒక్కో చుక్కా చూసుకుంటారని ఎవరో చెబితే పకపకా నవ్వాడు. "అంత దగ్గరికి లాక్కుని చూసేవాడు డిజైనర్ కాదయ్యా, పళ్ళ డాక్టరు" అన్నాడు. ఈ మాట తనకే ఎంతగా నచ్చిందంటే ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ చెప్పాడు, చివరికి పళ్ళ డాక్టరుకి కూడా.

ఆయన పెట్టిన చుక్కల్ని బట్టగా మార్చేది ఏడో నంబరు మగ్గం. దాన్ని నడిపేవాడు ఆయన బామ్మర్ది. నిజానికి వాళ్ళిద్దరూ ముందు స్నేహితులు. ఒక పేకాట గొడవ తేల్చుకోవడానికి చుక్కలాయన వాళ్ళింటికి వెళ్ళాడు. అక్కడ బామ్మర్ది వాళ్ళక్క ఇద్దరి ముక్కలూ లాక్కుని చూసి, ఇద్దరూ దొంగాటే ఆడారని తేల్చింది. చుక్కలాయన ఆ అమ్మాయినే చేసుకుంటానని పట్టుబట్టాడు. ఆవిడ ఇప్పుడు అదే మిల్లులో బట్ట తనిఖీ చేస్తుంది. కింద లైటున్న బల్ల మీద నేసిన గుడ్డ పరిచి, పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం ఆనించి, అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూస్తుంది. ఇంట్లో కూడా ఆవిడ చూపు అలాగే ఉంటుందని మొగుడి ఫిర్యాదు. బామ్మర్ది అదే ఇంట్లో పై వాటాలో ఉంటాడు. బావా బామ్మర్దులు రోజూ పొద్దున్న కలిసి మిల్లుకి నడుస్తారు, దారి పొడుగునా ఒకరినొకరు తిట్టుకుంటారు, అది లేకపోతే ఇద్దరికీ టీ సహించదు.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి కొత్త తెర వచ్చింది.

బీరువాలా ఉండే పాత మానిటర్ ఒక పొద్దున్న కాస్త పొగ వదిలి కన్నుమూసింది. మేనేజరు ఎక్కడో ఆఫీసులో వాడేసి పక్కన పడేసిన ఒక ల్యాప్‌టాప్‌నీ, డబ్బా విప్పని ఒక ఇరవై నాలుగంగుళాల మానిటర్‌నీ తెప్పించాడు. వాటిని బిగించడానికి వచ్చిన మనిషి పది నిమిషాల్లో పని కానిచ్చాడు. మానిటర్‌తో వచ్చిన కొత్త వైరు చక్కగా చుట్టి ఉంది కదా, విప్పితే పాడైపోతుందనుకున్నాడో ఏమో, దాన్ని అలాగే అలమారాలో దాచి, తన సంచిలో నలిగిన పాత వైరొకటి తీసి తగిలించాడు. ల్యాప్‌టాప్‌లో ఏముందో అదే పెద్ద తెర మీద కనిపించేలా పెట్టి, "అయిపోయింది మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. చుక్కలాయన ల్యాప్‌టాప్ మూత సగం దించేసి పక్కకి నెట్టాడు. అంత చిన్న తెర వైపు చూడటం కూడా ఆయనకి నామోషీ.

మొదటిరోజు నుంచే ఏదో తేడా కొట్టింది. అక్షరాల చుట్టూ నూగులాంటి మసక ఉంది. కళ్ళజోడు తుడుచుకున్నాడు. తెర తుడిచాడు. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. మౌస్ కదిపితే బాణం జారడం లేదు, మెట్లు దిగుతున్నట్టు ఆగి ఆగి దిగుతోంది. ఒక గడి మీద పెడదామంటే పక్క గడిలో కూర్చుంటోంది. చుక్కలాయన తన కుడిచేతిని తెల్ల కాగితం మీద పెట్టి చాలాసేపు చూశాడు. వణుకుతున్నట్టే అనిపించింది. అలా చూస్తూ కూర్చుంటే ఎవడి చెయ్యైనా వణుకుతుంది, కానీ ఆ మాట ఆయనకి చెప్పేవాళ్ళు లేరు, ఎందుకంటే ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. వయసు యాభై ఎనిమిది. కళ్ళు పోయి చెయ్యి వణికే డిజైనర్‌ని ఏ మిల్లు మాత్రం ఉంచుకుంటుంది? భయం వేసింది. భయం వేసినప్పుడల్లా గొంతు పెంచడం ఆయనకి చిన్నప్పటినుంచీ అలవాటు.

సరిగ్గా అప్పుడే పెద్ద ఆర్డరొకటి తగిలింది. ఒక హోటల్ గదులన్నిటికీ కర్టెన్లు. ముందు నమూనా ముక్క నచ్చితే తర్వాత వేల మీటర్లు. సన్నటి అడ్డగీతలున్న బట్ట నేల మీద పెద్ద పెద్ద ఆకులు. చుక్కలాయన ఆకులు అద్భుతంగా వేశాడు. కుర్చీ వెనక్కి తన్ని, గోడకి ఆనుకుని, కళ్ళు సగం మూశాడు. చూస్తే ఏముంది? తెర నిండా చారలు! నాలుగు వరుసలు సన్నగా, ఐదోది లావుగా, మళ్ళీ నాలుగు సన్నగా, ఐదోది లావుగా. ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవం ఒక్కసారి మేలుకుంది. "అమ్మ దొంగా!" అని ముందుకొచ్చి, ప్రతి ఐదో వరుసలోనూ చుక్కలు సగానికి సగం పీకేశాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశాడు. ఇప్పుడు చారల్లేవు, నేలంతా నున్నగా ఉంది. కళ్ళు పోయినవాడు ఈ పని చెయ్యగలడా అని తనలో తనే మురిసిపోయి డిజైన్‌ని మగ్గాల షెడ్డుకి పంపాడు.

మర్నాడు బామ్మర్ది నేసిన ముక్క పట్టుకుని గదిలోకొచ్చాడు. ఆకులు బాగానే ఉన్నాయి. నేల మాత్రం దువ్వెన పెట్టి దువ్వినట్టుంది. ప్రతి ఐదో పోగూ వదులుగా వేలాడుతోంది.

"ఏంటి బావా ఇది? చుక్కలు పెట్టావా, చిల్లులు పెట్టావా?"

"నా డిజైన్‌కేం? నిక్షేపంలా ఉంది. నీ మగ్గం చూసుకో."

"మగ్గం నాకు చెప్పకు. దాని చప్పుడు వింటే నాకు తెలిసిపోతుంది."

"ఆ చప్పుడు వినీ వినీ చెవులు పోయుంటాయి. మగ్గం మూలుగుతుంటే పాడుతోందనుకుంటున్నావు."

ఇంతవరకూ రోజూ ఉండేదే. కానీ రెండో ముక్కా అలాగే వచ్చింది. హోటల్‌వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మేనేజరు చెమటలు కక్కుతూ షెడ్డులో ఏడో నంబరు దగ్గర నిలబడి, తప్పెవరిదో తేల్చమన్నాడు. షెడ్డులో ముప్ఫై మంది ఉన్నారు, టీ వేళ కావడంతో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. చుక్కలాయన అందరి ముందూ గొంతు పెంచాడు. "నా గదికి రండి, తెర మీద చూడండి, ఒక్క చార కనిపిస్తే నా కుంచె విరిచేస్తాను. ఈయనకి పోగు బిగి చూసుకోవడం కూడా రాదు. మా ఆవిడ తమ్ముడు కదా అని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను."

ఆ చివరి మాట నోరు దాటాక ఆయనకే కాస్త ఎక్కువనిపించింది. కానీ అందరూ వింటున్నారు, వెనక్కి తీసుకుంటే పరువుండదు. మేనేజరు గదికొచ్చి చూశాడు. తెర మీద నిజంగానే ఒక్క చారా లేదు. బామ్మర్ది మొహం ఎర్రగా కందిపోయింది. "నేను నిరూపిస్తాను" అని చరచరా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ముక్క పట్టుకుని బామ్మర్ది మళ్ళీ వచ్చాడు. చుక్కలాయన అప్పుడు తెరకి ముక్కు ఆనించి, తప్పిపోయిన బాణం కోసం వెతుక్కుంటున్నాడు. ఎవరో వచ్చినట్టనిపించి తల తిప్పేసరికి గుమ్మంలో బామ్మర్ది వీపు కనిపించింది. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతున్నాడు. "తోక ముడిచాడు" అనుకున్నాడు చుక్కలాయన.

మర్నాడు పొద్దున్న ఏడో నంబరు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. బామ్మర్దిని నూలు గోడౌన్‌కి మార్చారు. నూలు చుట్టిన కండెల పెట్టెలు లెక్కపెట్టి మోయడం అక్కడి పని. పాతికేళ్ళు మగ్గం నడిపినవాణ్ణి పెట్టెలు మొయ్యమనడమంటే మాటలు కాదు. నమూనా సరిగ్గా రాకుండా ఆర్డరు పోతే, గోడౌన్ నుంచి నేరుగా గేటు బయటికేనని మేనేజరు అన్నట్టు షెడ్డులో గుసగుసలు బయల్దేరాయి. చుక్కలాయన ఆ మాటలు పట్టించుకోనట్టు టీ తాగాడు. టీ సహించలేదు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. భార్య మాట్లాడటం మానెయ్యలేదు, మానేసినా బాగుండేది. "మీ కూర ఇక్కడ పెట్టాను. తమ్ముడికి పైకి పంపించాను. కడుపులో పెట్టుకున్నవాళ్ళు ఎటూ మీరే కాబట్టి, మీకు ఆకలి ఉండదనుకున్నాను" అంటుంది. పొద్దున్న మిల్లుకి బామ్మర్ది పది నిమిషాలు ముందే బయల్దేరి వెళ్ళిపోతున్నాడు. తిట్టేవాడు లేక చుక్కలాయనకి ఆ దారి రెండింతలైనట్టుంది.

మూడో ముక్క వచ్చింది. కొత్త మనిషి నేసినా అవే చారలు.

ఆ ముక్క తనిఖీ బల్ల మీదకి చేరింది. ఆవిడ అద్దం ఆనించి లెక్కపెట్టింది. నాలుగు బిగువు, ఒకటి వదులు. ఇంకోచోట పెట్టింది. నాలుగు బిగువు, ఒకటి వదులు. భోజనాల వేళ, మిల్లు సద్దుమణిగాక, ఆవిడ అద్దం పిడికిట్లో పట్టుకుని డిజైన్ గదిలోకొచ్చి తలుపేసింది.

"ఏమండీ, మగ్గం తప్పు చేస్తే ఇంత లెక్కగా చెయ్యదు. ఇంత లెక్కగా తప్పు చేసేది మనింట్లో ఒక్కరే ఉన్నారు."

"తెర మీద చూడు ముందు! చూసి మాట్లాడు!"

"చూడ్డానికే వచ్చాను. ముందు మీరు చుక్కలు పీకకముందు ఉన్న డిజైన్ పెట్టండి."

ఆయన గొణుక్కుంటూ పాత ఫైలు తెరిచాడు. చారలు చూపించి, "ఇదిగో, ఇవే తీసేశాను" అన్నాడు. ఆవిడ పది అడుగులు వెనక్కి వెళ్ళలేదు. తిన్నగా తెర దగ్గరికెళ్ళి, గుడ్డ మీద పెట్టినట్టే, పోగులు లెక్కపెట్టే అద్దాన్ని తెరకి ఆనించి కన్ను పెట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో తెరని గుడ్డలా చూసిన మనిషిని ఆయన చూడలేదు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు ఒక్కో చుక్క లావు. ఐదోది రెండు చుక్కల లావు" అంది ఆవిడ. "మీ డిజైన్‌లో ఐదు వరుసలుంటే ఈ తెర ఆరు వరుసల చోటు తీసుకుంటోంది. ఐదోదాన్ని రెండుసార్లు నేస్తోందండీ ఇది."

"తెర నేస్తుందేమిటే?"

ఆవిడ సగం మూసున్న ల్యాప్‌టాప్ మూత ఎత్తింది. చిన్న తెర మీద అదే డిజైన్ ఉంది. అద్దం అక్కడ ఆనించింది. "ఇందులో ఐదుకి ఐదే" అంది. "చార లేదు. రండి, మీరే చూడండి."

చుక్కలాయన చూశాడు. ఇన్నాళ్ళూ నామోషీ అనుకుని మూసిపెట్టిన చిన్న తెరలో, తాను మొట్టమొదట వేసిన డిజైన్ ఏ వంకా లేకుండా ఉంది. లేని చారని పెద్ద తెర చూపించింది. ఆ లేని చారని ఆయన కష్టపడి దిద్దాడు. దిద్దిన చోటల్లా, పట్టి ఉంచే పడుగు పోగులు లేవక అడ్డపోగు వదులైపోయి, బట్టలో చిల్లు పడింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

తర్వాత ఇద్దరూ కలిసి సెట్టింగులు తవ్వారు. డిస్‌ప్లే అన్న చోట పదహారు వందలు బై తొమ్మిది వందలు అని ఉంది. మానిటర్ వెనక చీటీ మీద పందొమ్మిది వందల ఇరవై బై వెయ్యి ఎనభై అని రాసి ఉంది. ఆవిడ లెక్క కట్టింది. అటు చూసినా ఇటు చూసినా ఐదుకి ఆరే. రెండు తెరల మీదా ఒకటే బొమ్మ కనిపించేలా పెట్టడంతో, పెద్దది చిన్నదాని కొలతకి దిగొచ్చి, ఖాళీ మిగలకుండా సాగదీస్తోంది. పెద్ద తెర ఒక్కటే పనిచేసేలా మార్చారు. అప్పుడు గాని అసలు కొలత జాబితాలో పైకి రాలేదు, దాని పక్కనే ఇదైతే మంచిదని కంపెనీవాళ్ళు రాసి మరీ పెట్టారు. అది నొక్కగానే అక్షరాల చుట్టూ ఉన్న నూగు ఎవరో చీపురుతో ఊడ్చినట్టు పోయింది.

"బాణం సంగతో?" అన్నాడు ఆయన, చిన్న గొంతుతో.

"బాణానికేమైంది?"

"ఆగి ఆగి పోతోంది. నా చెయ్యి... వణుకుతోందనుకుంటున్నాను."

ఆవిడ ఆయన వైపు తిరిగి చూసింది. చాలా రోజుల తర్వాత మొదటిసారి ఆ చూపులో అద్దం లేదు. ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుంది. "రాయిలా ఉంది" అని వదిలేసి, మళ్ళీ సెట్టింగుల్లోకి దిగింది. తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే చోట ముప్ఫై అని ఉంది. కింద అరవై కూడా ఉంది. అరవై నొక్కితే తెర నల్లబడి, కాసేపటికి తనంతట తనే ముప్ఫైకి వచ్చేసింది. మళ్ళీ నొక్కినా అంతే. ఆవిడ వైరు చేత్తో తడిమి, "ఇదేంటి, కుక్క నమిలినట్టుంది?" అంది. అలమారా వెతికితే కొత్త వైరు పెళ్ళికూతురిలా కవర్లో కూర్చునుంది. దాన్ని తగిలించి అరవై నొక్కారు. ఈసారి నిలిచింది. చుక్కలాయన మౌస్ కదిపాడు, బాణం నీళ్ళ మీద జారినట్టు వెళ్ళి అనుకున్న గడిలో ఆగింది. ఇంకోసారి కదిపాడు. తన కళ్ళు పోలేదు, తన చెయ్యి పోలేదు! లేచి ఆ చిన్న గదిలోనే గంతేశాడు.

గంతు పూర్తవకముందే బామ్మర్ది గుర్తొచ్చాడు.

"చూడు" అన్నాడు మెల్లిగా. "పాత డిజైన్ ఇప్పుడే షెడ్డుకి పంపేద్దాం. ముక్క బ్రహ్మాండంగా వస్తుంది. ఆర్డరు నిలబడితే అందరూ సంతోషిస్తారు. ఓ నెలాగి నేనే మేనేజర్‌తో చెప్పి వాణ్ణి మగ్గం మీదకి తెప్పిస్తాను. తప్పెవరిదో తవ్వుకోవడం ఎందుకిప్పుడు?"

"సరే. ఆ కొత్తాయన సరిగ్గా నేశాడు, నా తమ్ముడికి చేతకాలేదు అంటారు."

"నాలుగు రోజులంటారు."

"మీకు కళ్ళు పోయాయంటే నాలుగు రోజులు ఊరుకునేవారా మీరు?" ఆవిడ అద్దం కొంగున ముడేసుకుంది. "నేనెవరికీ చెప్పను. మీరు చెప్పకపోయినా చెప్పను. ఇక మీ ఇష్టం."

తిట్టుంటే ఆయన తిరిగి తిట్టేవాడు, అంతటితో అయిపోయేది. అలా వదిలేసి వెళ్ళేసరికి చుక్కలాయన ఒంటరిగా కూర్చుని, తేటగా మెరిసిపోతున్న తెర వైపు చూస్తూ పావుగంట పళ్ళు నూరాడు. చివరికి "ఛీ, వెధవ బతుకు" అని లేచి మేనేజరు గదికి వెళ్ళాడు.

మేనేజరు ఫోన్లో ఉన్నాడు. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగితే తన ధైర్యం ఆగదని తెలిసి, చుక్కలాయన నిలబడే చెప్పేశాడు. "తప్పు నాదండీ. డిజైన్ నేనే పాడు చేశాను. మానిటర్ కొలత తప్పుంది, నేను చూసుకోలేదు. మా బామ్మర్ది తప్పేం లేదు."

మేనేజరు ఫోన్ పక్కన పెట్టాడు. "అదెలా మాస్టారూ? తప్పు తనదేనని ఆయన రాసిచ్చాడే!"

"ఎవరు?"

"మీ బామ్మర్దే. నేను మిమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, బయటినుంచి వేరే డిజైనర్‌ని పిలిపించి, ఫైలు చూపిద్దామని ఆ గొడవ రోజే ఆయనతో అన్నాను. ఆ సాయంత్రమే ఆయనొచ్చి, అవసరం లేదు, పోగు బిగి నేనే సరిగ్గా పెట్టలేదని సంతకం పెట్టి వెళ్ళాడు." మేనేజరు సొరుగు లాగి కాగితం చూపించాడు. బామ్మర్ది సంతకమే, ఎప్పట్లాగే చివర ఒక పిచ్చి మెలిక. "ఏదైతేనేం, ఇప్పుడు ముక్క సరిగ్గా వస్తుందా రాదా? అది చెప్పండి నాకు."

"వస్తుంది. ఏడో నంబరు మీద మా బామ్మర్ది కూర్చుంటేనే వస్తుంది" అని చుక్కలాయన బయటపడ్డాడు.

గోడౌన్లో బామ్మర్ది కండెల పెట్టె భుజాన పెట్టుకుని నిచ్చెన దిగుతున్నాడు. బావని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. చుక్కలాయన ఉపోద్ఘాతాలు మాని, తెర సంగతి, వైరు సంగతి, ఐదుకి ఆరు సంగతి గడగడా చెప్పేశాడు. బామ్మర్ది పెట్టె దించలేదు. అలాగే నిలబడి విన్నాడు.

"అంటే నీ కళ్ళు?" అన్నాడు.

"నా కళ్ళకేం రా? బాగానే ఉన్నాయి."

"చెయ్యి?"

"చెయ్యి కూడా బాగానే ఉంది. వైరు పాడైంది."

బామ్మర్ది పెట్టె దించి దాని మీదే కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు ముక్క పట్టుకుని నీ గదికొచ్చాను. పోగులు లెక్కపెట్టుకుని మరీ వచ్చాను, తప్పు నీదేనని మేనేజరు ముందు పెడదామని. నువ్వేమో తెరకి ముక్కు ఆనించి బాణం ఎక్కడుందో వెతుక్కుంటున్నావు. మౌస్ మీద చెయ్యి అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఇహ ఈయనకి కళ్ళు పోయాయి అనుకున్నాను. బయటినుంచి ఎవడో వచ్చి ఫైలు చూస్తే అప్పుడే బయటపడిపోతుంది. కుర్చీ పోయి ఇంట్లో కూర్చున్నావంటే ముందు మా అక్క ప్రాణం తీస్తావు, తర్వాత నువ్వు కుమిలి చస్తావు. నాకేముందిలే, పెట్టెలైనా మోస్తాను అనుకున్నాను."

చుక్కలాయన కళ్ళు నిండిపోయాయి. "నాకు చెప్పొచ్చు కదరా" అన్నాడు.

"చెబితే ఒప్పుకునే మొహమేనా నీది?" బామ్మర్ది ముక్కు చీదుకున్నాడు. ఉన్నట్టుండి ఏదో తట్టినట్టు తల పైకెత్తాడు. మొహంలో రంగు మారింది. "ఉండు, ఉండు. అంటే కళ్ళు బాగుండే అన్నావా ఆ మాటలన్నీ? పోగు బిగి చూసుకోవడం రాదని, కడుపులో పెట్టుకున్నానని? కళ్ళు పోయినవాడు కదా పాపం, భయంతో అన్నాడులే అని నేను రోజూ నాకు నేనే సర్ది చెప్పుకుంటుంటే!"

"భయంతోనేరా అన్నాను."

"కళ్ళుండి భయమేంటి? లే. మేనేజరు చెవిలో చెబితే చాలదు. షెడ్డులో అన్నావు, షెడ్డులోనే చెప్పు. పద!"

బామ్మర్ది బావ రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు. షెడ్డులో ముప్ఫై మగ్గాలు ఒకేసారి ఆడుతున్నాయి. చుక్కలాయన నడి వరుసలో నిలబడి, "తప్పు నాది!" అని అరిచాడు. ఆయన మాట ఆయనకే వినబడలేదు. ఇంకా గట్టిగా అరిచాడు. మెడ నరాలు పొంగాయి. బామ్మర్ది ఏడో నంబరు దగ్గర నిలబడి, చెవి వెనక చెయ్యి పెట్టి, వినబడటం లేదన్నట్టు తలూపాడు.

చుక్కలాయన నోరు ఆడుతూ చప్పుడు రాకపోవడం దగ్గరి మగ్గం మనిషికి విచిత్రంగా తోచింది. ఏమంటున్నాడో విందామని తన మగ్గం ఆపాడు. అది చూసి పక్కవాడు ఆపాడు. ఒకటొకటిగా వరుసంతా ఆగింది, ఆ పై వరుస కూడా. పని నడుస్తుండగా షెడ్డు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఏమైందోనని మేనేజరు, అతని వెనకే తనిఖీ బల్ల దగ్గరినుంచి ఆవిడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ముప్ఫై మొహాలు తన వైపే చూస్తుంటే చుక్కలాయనకి అరవాల్సిన పని లేకుండా పోయింది. మామూలు గొంతుతోనే చెప్పాడు.

"చారలు నా డిజైన్‌లో ఉన్నాయి. వీడికి నాకంటే ముందే తెలుసు. నాకు కళ్ళు పోయాయనుకుని, నా కుర్చీ పోకూడదని ఆ తప్పు తను నెత్తినేసుకున్నాడు." బామ్మర్ది వైపు తిరిగాడు. "నా కళ్ళు బాగానే ఉన్నాయి. అందుకే నాకింత సిగ్గుగా ఉంది."

ఏడో నంబరు మీదున్న కొత్తాయన చేతులు తుడుచుకుని పక్కకి జరిగాడు. బామ్మర్ది ఆ చోట నిలబడి, పడుగు పోగుల మీద అరచెయ్యి ఒకసారి పోనిచ్చి, బావ వైపు చూశాడు.

"ఇంకా నిలబడ్డావేం బావా? డిజైన్ పంపు. సాయంత్రానికి ముక్క ఇవ్వాలి."